పొడి నేలల్లో పిడుగు నుంచి కట్టడాల రక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు తక్కువగా పడి, నేలలో తేమ బాగా లోతుకు దిగిపోయిన చోట ఇళ్లు, గోదాములు, టవర్లు, సోలార్ ప్లాంట్లు కట్టేవాళ్లూ వాటిని చూసుకునేవాళ్లూ పదేపదే అడిగే ప్రశ్నలివి. పిడుగు రక్షణ గురించి దొరికే సలహాల్లో చాలావరకు తడి నేలను మనసులో పెట్టుకుని చెప్పినవే. ఎండిన నేలలో అవి యథాతథంగా పనిచేయవు. ఎక్కడ పనిచేయవో, అక్కడ బదులుగా ఏం చేయాలో వీలైనంత సూటిగా చెప్పాను.

వానలే సరిగా పడని చోట పిడుగుల గురించి టెన్షన్ ఎందుకు?

పిడుగు పడటానికి నేల మీద వాన పడాల్సిన పని లేదు. పైన ఉరుముల మేఘం ఉంటే చాలు. ఆ మేఘంలో మంచు పలుకులు, మెత్తటి వడగళ్లు ఒకదాన్నొకటి ఢీకొంటూ ఉంటే విద్యుదావేశాలు విడిపోయి పోగుపడతాయి. పొడి ప్రాంతాల్లో ఈ మేఘాల అడుగు భాగం చాలా ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి బయలుదేరిన చినుకులు కింది వేడి గాలిలోనే ఆవిరైపోతాయి. వాన నేలను చేరదు, పిడుగు మాత్రం చేరుతుంది.

ఇది తడి పిడుగు కంటే ఒక రకంగా ప్రమాదకరం. అంటుకున్న మంటను ఆర్పడానికి వెనకాల వాన ఉండదు. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఇలాంటి పొడి ఉరుముల్లో వేల పిడుగులు పడి వందల చోట్ల అడవి అంటుకుంది. వాటిలో కొన్ని కలిసిపోయి పెరిగిన ఒక్క మంటే 10 లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. ఎండుగడ్డి మధ్య ఉన్న సబ్‌స్టేషన్‌కీ, పొడి పొదల పక్కన ఉన్న గోదాముకీ పిడుగు నేరుగా పడకపోయినా ముప్పు ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. కట్టడం చుట్టూ ఎండు గడ్డీ చెత్తా తీసేసి ఖాళీ జాగా ఉంచడం కూడా పిడుగు రక్షణలో భాగమే.

ఉరుముల రోజులు తక్కువైన చోట ఇంకో చిక్కుంది. ఏళ్ల తరబడి ఏమీ జరగకపోయేసరికి వ్యవస్థను ఎవరూ చూడరు. అవసరం పడే రోజుకి క్లాంపు వదులైపోయి ఉంటుంది.

పొడి నేల వల్ల అసలు ఇబ్బంది ఏమిటి?

నేల కరెంటును మోసేది అందులోని తేమ, ఆ తేమలో కరిగిన లవణాల ద్వారా. తేమ పోతే నేల ఇంచుమించు ఇన్సులేటర్‌లా మారుతుంది. దీన్ని నేల రెసిస్టివిటీతో కొలుస్తారు, యూనిట్ ఓం-మీటర్. తడి బంకమట్టి, మంచి సాగు మట్టి పదుల ఓం-మీటర్లలో ఉంటాయి. ఎండిన ఇసుక వెయ్యి దాటుతుంది. రాతి నేల కొన్ని వేలు కూడా చూపిస్తుంది.

మామూలుగా వాడే 3 మీటర్ల ఎర్త్ రాడ్‌కి ఒక మోటు లెక్క ఉంది: నేల రెసిస్టివిటీని రాడ్ పొడవుతో భాగిస్తే సుమారుగా దాని ఎర్త్ రెసిస్టెన్స్ వస్తుంది. 30 ఓం-మీటర్ల నేలలో ఆ రాడ్ 10 ఓంలు ఇస్తుంది. అదే రాడ్ 1,000 ఓం-మీటర్ల నేలలో 330 ఓంలు చూపిస్తుంది. పది రాడ్లు వేసి కలిపినా, అవి ఒకదానికొకటి అడ్డు రాకుండా ఎంత దూరంగా పాతినా, 33 ఓంల కంటే కిందికి దిగదు. తడి నేలలో ఒక్క రాడ్ చేసే పని ఇక్కడ పది రాడ్లు కలిసినా చేయలేవన్నమాట.

పిడుగు కరెంటు మాత్రం నేలను చూసి తగ్గదు. సాధారణ పిడుగు మొదటి దెబ్బలో సుమారు 30 కిలో ఆంపియర్లు ఉంటుంది, అరుదుగా 200 కిలో ఆంపియర్లు. అంత కరెంటు ఎండిన ఇసుకలోకి దిగితే ఇసుక కరిగి గాజు గొట్టాలుగా గడ్డకడుతుంది. ఎడారుల్లో ఇలాంటి గొట్టాలు దొరుకుతూనే ఉంటాయి. సిలికా కరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మనం దారి చూపించకపోతే పిడుగు తన దారి ఎలా చేసుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మా ఎర్త్ రెసిస్టెన్స్ 10 ఓంల లోపు రావడం లేదు. వ్యవస్థ మొత్తం పనికిరానట్టేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62305 వీలైతే 10 ఓంల లోపు ఉంచమనే అంటుంది. కానీ పిడుగు కరెంటును నేలలో చెదరగొట్టడానికి ఎర్త్ వ్యవస్థ ఆకారం, కొలతలే ముఖ్యమని కూడా అదే చెబుతుంది. కాంట్రాక్టు కాగితాల్లో మొదటి మాట మాత్రమే మిగిలి, రెండోది రాలిపోతుంది. దాంతో సైట్‌లో అందరూ మీటర్ మీద అంకె తగ్గించే పనిలోనే పడతారు.

ఆ అంకె వచ్చిందే అనుకుందాం. 10 ఓంల ఎర్త్‌లోకి 30 కిలో ఆంపియర్లు దిగితే, ఓం నియమం ప్రకారం ఎర్త్ వోల్టేజీ 3 లక్షల వోల్టులకు లేస్తుంది. 5 ఓంలైతే లక్షన్నర. ఏదైనా ప్రాణం తీసే వోల్టేజీయే, పరికరాలను కాల్చే వోల్టేజీయే. కాబట్టి ఓంలు తగ్గించడం వల్ల మాత్రమే రక్షణ రాదు.

రక్షణ వచ్చేది బాండింగ్ వల్ల. కట్టడంలోని ఇనుము, నీటి పైపులు, కేబుల్ తొడుగులు, కరెంటు ఎర్త్, పిడుగు ఎర్త్ అన్నీ ఒకదానితో ఒకటి కలిపేసి ఉంటే, పిడుగు పడ్డప్పుడు అన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. వరద నీటిలో పడవా, అందులోని మనుషులూ సామానూ అంతా కలిసి తేలినట్టు. రెండు వస్తువుల మధ్య వోల్టేజీ తేడా లేకపోతే నిప్పురవ్వ ఎగరదు, షాక్ కొట్టదు. పొడి నేలలో ఓంలు తగ్గించే పోరాటం ఒక హద్దు దాటాక గెలవలేం. బాండింగ్ అయితే ఎంత ఎండిన నేలలోనైనా పూర్తిగా మన చేతిలో ఉంది. డబ్బూ శ్రమా ముందు అక్కడ పెట్టండి.

మరి ఎర్త్ ఎలా వేయాలి? లోతుగా ఒకటా, చుట్టూరా చాలానా?

కట్టడం చుట్టూ రింగ్ ఎర్త్ వేయడం మంచి ఆరంభం. గోడకు సుమారు ఒక మీటరు దూరంలో, కనీసం అర మీటరు లోతులో, మూసిన వలయంలా. పొడి నేలలో పై పొర ఎండిపోతూ ఉంటుంది కాబట్టి నేను అర మీటరుతో సరిపెట్టుకోను. తవ్వగలిగినంత వరకు మీటరు లోతుకు వెళ్లాలనే చెబుతాను. 1,000 ఓం-మీటర్ల నేలలో 20 మీటర్ల చదరపు కట్టడం చుట్టూ వేసిన రింగ్ ఒక్కటే 30 ఓంల దగ్గరికి తెస్తుంది. ఒంటరి రాడ్ 330 ఓంలు ఇచ్చిన నేలే అది. పైగా రింగ్ లోపల ఉన్న నేలంతా దాదాపు ఒకే వోల్టేజీకి వస్తుంది. అదే దాని అసలు విలువ.

లోతున తేమ ఉందని తెలిస్తే నిలువు రాడ్లను కలిపి పొడవుగా దింపడం బాగా ఫలిస్తుంది. తేమ పొరను అందుకున్న ఒక్క రాడ్ పైన ఎండలో ఉన్న నాలుగింటికి సమానం. రాయి అడ్డొస్తే బోరు వేసి, రాడ్ దింపి, చుట్టూ కరెంటును పోనిచ్చే పదార్థం నింపాలి. రాడ్ల మధ్య దూరం కనీసం ఒక రాడ్ పొడవంత ఉండాలి, రెండింతలైతే మరీ మంచిది.

అడ్డంగా ఒకే తీగను చాలా దూరం లాగితే మీటర్ మీద అంకె బాగుంటుంది. అయితే పిడుగు కరెంటు మైక్రో సెకన్లలో పెరుగుతుంది. అంత వేగానికి తీగ ఇండక్టెన్స్ (కరెంటు వేగంగా మారకుండా అడ్డుకునే గుణం) అడ్డుపడి, చివరి భాగం పనిలోకి వచ్చేలోపే మొదటి భాగం వోల్టేజీ లేచిపోతుంది. ఒక పొడవైన తీగకు బదులు అదే తీగను మూడు నాలుగు ముక్కలు చేసి, ఒకే చోటు నుంచి వేర్వేరు దిక్కులకు విస్తరించండి.

ఇదంతా మొదలుపెట్టేముందు నాలుగు మేకుల పద్ధతిలో రెసిస్టివిటీ కొలిపించండి. మేకుల దూరం మారుస్తూ కొలిస్తే ఏ లోతులో నేల ఎలా ఉందో తెలుస్తుంది. అది తెలియకుండా రాడ్లు దింపడం గుడ్డిగా తవ్వడమే.

పునాది కాంక్రీటునే ఎర్త్‌గా వాడవచ్చంటారు. నిజమేనా?

నిజమే. అసలు ఈ పద్ధతి ఎడారిలోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి అరిజోనాలో బాంబులు దాచే గిడ్డంగులకు పిడుగు రక్షణ కావలసి వచ్చింది. అక్కడ టూసాన్ ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 300 మిల్లీమీటర్ల లోపే. నీటి పైపుల జాలం లేదు, నేలలో తేమ లేదు. హెర్బర్ట్ ఉఫర్ అనే ఇంజనీరు 1942లో ఇనుప ఊచలను పునాది కాంక్రీటులోనే ఎర్త్‌గా వాడమని చెప్పాడు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు కూడా అవి 5 ఓంలు దాటలేదు. ఈ రకం ఎర్త్‌ను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, కాంక్రీటు చుట్టుపక్కల మట్టి నుంచి తేమ పీల్చుకుంటుంది, దాన్ని తొందరగా వదలదు. నేల పైపైన ఎండినా పునాది అడుగున కాంక్రీటు కాస్త తేమగానే ఉంటుంది. పైగా పునాదికి నేలతో ఉండే ఒత్తిడీ వైశాల్యమూ ఏ రాడ్‌కీ రావు.

రెండు జాగ్రత్తలు మాత్రం వదలకూడదు. ఒకటి, ఊచలు ఒకదానితో ఒకటి నిజంగా కలిసి ఉండాలి. పునాది పోసేటప్పుడే ఒక ప్రత్యేక లోహపు పట్టీని ఊచల వెంట నడిపి, తగిన దూరాల్లో క్లాంపులతోనో వెల్డింగ్‌తోనో కలిపి, బయటికి తీసి ఉంచాలి. పోసేశాక చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లను నేను అన్నిటికంటే ఎక్కువగా బతిమాలేది ఈ ఒక్క విషయంలోనే. కాంక్రీటు పోసే ముందు పట్టీ వేసి కలిపిన చోట్లన్నీ ఫోటోలు తీసి దాచుకోండి.

రెండోది, లవణాలు ఎక్కువున్న ఎడారి నేలల్లో పునాది కింద ప్లాస్టిక్ షీటు, నీరు చొరని పొర వేస్తుంటారు. ఆ షీటు తుప్పును ఆపుతుంది, దానితోపాటు నేలతో కరెంటు సంబంధాన్నీ తెంచేస్తుంది. అలాంటప్పుడు ఎర్త్ రింగ్ ఆ పొర బయట ఉండాలి.

ఎర్త్ పిట్‌లో ఉప్పూ బొగ్గూ వేస్తే సరిపోదా?

కొన్నాళ్లు సరిపోతుంది. ఉప్పు పనిచేయాలంటే నీరు కావాలి, నీరు పోస్తే ఉప్పు కొట్టుకుపోతుంది. పోయేలోపు రాడ్‌ను కూడా తినేస్తుంది. బెంటొనైట్ మట్టి తడిగా ఉన్నంతకాలం బాగుంటుంది. వేడి పొడి నేలలో అది ఎండి కుంచించుకుపోయి, రాడ్‌కీ దానికీ మధ్య ఖాళీ వస్తుంది. కార్బన్ కలిపిన కండక్టివ్ సిమెంటు లాంటివి తేమ మీద అంతగా ఆధారపడవు కాబట్టి పొడి చోట్ల వాటివైపే మొగ్గాలి. ఏది నింపినా ఆ రాడ్ చుట్టూ ఉన్న కొద్ది జాగానే బాగుపడుతుంది, దాని అవతల ఉన్న ఎండిన నేల అలాగే ఉంటుంది.

నెలకోసారి నీళ్లు పోస్తుంటే?

పోసిన రోజు అంకె తగ్గుతుంది. మనిషి గుర్తుపెట్టుకుని పోయాలనే షరతు మీద నిలబడిన రక్షణను నేను లెక్కలోకి తీసుకోను.

కప్పు మీద పిడుగును పట్టే కడ్డీలు ఎక్కడ, ఎన్ని పెట్టాలి?

దొర్లే గోళం పద్ధతిలో తేలుస్తారు. ఒక పెద్ద బంతిని కట్టడం మీదుగా అన్ని వైపుల నుంచీ దొర్లించినట్టు ఊహించండి. ఆ బంతి తాకగలిగిన ప్రతి చోటా పిడుగు పడవచ్చు. కడ్డీలు, తీగలు అడ్డొచ్చి బంతి కట్టడాన్ని తాకకుండా ఆపితే రక్షణ ఉన్నట్టు. రక్షణ స్థాయిని బట్టి బంతి వ్యాసార్ధం 20, 30, 45, 60 మీటర్లుగా తీసుకుంటారు. పేలుడు పదార్థాలున్న చోటికి 20, సాధారణ భవనాలకు 45 లేదా 60. చదునైన కప్పుకు తీగల వల కూడా వేయవచ్చు, అదే వరుసలో 5, 10, 15, 20 మీటర్ల గళ్లతో.

పిడుగు ఎక్కువగా ఎంచుకునేది మూలలను, అంచులను. నట్టనడుమ ఒక ఎత్తైన కడ్డీ నిలబెట్టి నాలుగు మూలలూ వదిలేసిన కప్పులు చూస్తే బాధేస్తుంది. తర్వాత కప్పు మీదికి కొత్తగా చేరిన వాటర్ ట్యాంకు, డిష్ యాంటెనా, ఏసీ యూనిట్ కడ్డీ రక్షణలో ఉన్నాయో లేదో మళ్లీ చూసుకోవాలి.

ఒక్క కడ్డీతోనే వంద మీటర్ల చుట్టూ కాపాడతామని అమ్ముతున్నారు. కొనవచ్చా?

ముందుగానే విద్యుత్ ధారను పైకి పంపి పిడుగును పట్టేస్తుందని చెప్పే ఈ కడ్డీలకు కొన్ని దేశాల్లో సొంత ప్రమాణాలున్నాయి. ఐఈసీ 62305 మాత్రం వాటికి మామూలు కడ్డీ కంటే ఎక్కువ పరిధి ఇవ్వదు. బయట నిజమైన పిడుగుల కింద అంత పెద్ద పరిధి రుజువు కాలేదు. మేఘంలోని ఆవేశాన్నే ఖాళీ చేసి పిడుగు పడకుండా ఆపుతామనే పరికరాలదీ ఇదే కథ. రేడియోధార్మిక పదార్థం ఉన్న పాత కడ్డీలను చాలా దేశాలు నిషేధించాయి. అలాంటిది మీ కప్పు మీద ఉంటే చేత్తో విప్పకండి, అణు భద్రత చూసే అధికారులకు చెప్పండి.

మామూలు కడ్డీ తన ఎత్తును బట్టే కాపాడుతుంది. అది దూరం నుంచి పిడుగును పిలిచి తెచ్చుకోదు కూడా.

డౌన్ కండక్టర్ (కడ్డీ నుంచి ఎర్త్‌కు దిగే తీగ) ఒకటి చాలదా?

చాలదు. కనీసం రెండు ఉండాలి. చుట్టుకొలత వెంట స్థాయిని బట్టి ప్రతి 10 నుంచి 20 మీటర్లకు ఒకటి చొప్పున దించితే కరెంటు పంచుకుపోతుంది. ఒక్కో తీగలో వోల్టేజీ తగ్గుతుంది, లోపలి వైరింగ్ మీద ప్రభావమూ తగ్గుతుంది. మీటరు తీగకు సుమారు ఒక మైక్రో హెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. కరెంటు మైక్రో సెకనుకు 10 కిలో ఆంపియర్ల చొప్పున పెరిగితే మీటరుకు 10,000 వోల్టులు నిలుస్తాయి. అందుకే తీగ సూటిగా దిగాలి. గోడ చూరును చుట్టి మెలిక తిరిగితే, కరెంటు ఆ మెలికను వదిలి గాలిలోంచి అడ్డంగా దూకేస్తుంది.

స్తంభాల్లోని ఊచలు పైనుంచి కింది వరకు కలిసే ఉన్నాయని ఖాయమైతే వాటినే డౌన్ కండక్టర్లుగా వాడవచ్చు. ఉక్కు ఫ్రేముతో కట్టిన షెడ్డుకు ఫ్రేమే సరిపోతుంది.

మట్టి గోడలు, రాతి గోడల ఇళ్లకు?

వీటిలో కరెంటు పోవడానికి లోహం లేదు. పిడుగు గోడలోని పగుళ్ల వెంట, మిగిలిన కాస్త తేమ వెంట దారి తీస్తుంది. ఆ తేమ క్షణంలో ఆవిరై గోడను పేల్చేస్తుంది. కాబట్టి కడ్డీ, సూటిగా దిగే తీగలు, చుట్టూ రింగ్, ఈ మూడూ ఇక్కడ మరింత అవసరం. కప్పు గడ్డిదైతే తీగను కప్పుకు తగలకుండా ఎడంగా నిలపాలి.

కడ్డీ ఉన్నా టీవీ, ఇన్వర్టర్, కెమెరాలు ఎందుకు కాలిపోయాయి?

కడ్డీ పని గోడలనూ కప్పునూ కాపాడటం. పరికరాలను కాల్చే సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) సాధారణంగా కరెంటు లైను, నెట్ కేబుల్, యాంటెనా తీగల వెంట వస్తుంది. పిడుగు దూరంగా పడినా వస్తుంది. పొడి నేలలో దీనికి ఇంకో కారణం కలుస్తుంది. మీ ఎర్త్ లక్షల వోల్టులకు లేచినప్పుడు, దూరం నుంచి వచ్చిన కేబుల్ ఆ దూరపు నేల వోల్టేజీని వెంట తెస్తుంది. ఆ తేడా అంతా పరికరం లోపల తెగుతుంది. నేల ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ భాగం కరెంటు ఈ కేబుళ్ల వెంటే బయటికి పోవాలని చూస్తుంది.

దీనికి మందు సర్జ్ ప్రొటెక్టర్లు. కరెంటు లోపలికి వచ్చే చోట టైప్ 1, లోపలి పంపిణీ బోర్డులో టైప్ 2, సున్నితమైన పరికరం దగ్గర టైప్ 3. కడ్డీ ఉన్న భవనానికి టైప్ 1 తప్పనిసరి, ఎందుకంటే అసలు పిడుగు కరెంటులో కొంత దాని గుండానే పోతుంది. నెట్, కెమెరా, సిగ్నల్ కేబుళ్లకూ వాటికి తగినవి పెట్టాలి. కరెంటు వైపు మాత్రమే పెట్టి డేటా కేబుల్ వదిలేయడం తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచినట్టే.

ప్రొటెక్టర్‌ను కలిపే తీగలు మొత్తం అర మీటరు దాటకూడదు. ఎంత మంచిది కొన్నా రెండు మీటర్ల తీగతో తగిలిస్తే ఆ తీగ ఇండక్టెన్సే రక్షణను తినేస్తుంది. ఎండవేళ ఇనుప పెట్టెలో వేడి బాగా పెరుగుతుంది కాబట్టి ఎంత ఉష్ణోగ్రత దాకా పనిచేస్తుందో చూసి కొనండి. చాలావాటికి ముందు చిన్న కిటికీ ఉంటుంది. రంగు మారితే దాని ఆయువు అయిపోయినట్టు.

కంప్యూటర్లకు విడిగా, ఎక్కడా కలవని ఎర్త్ వేయమంటున్నారు. వేయాలా?

వద్దు. పొడి నేలలో ఇంతకంటే ప్రమాదకరమైన సలహా లేదు. రెండు ఎర్త్‌ల మధ్య ఎండిన మట్టి ఉంటే పిడుగు వేళ వాటి మధ్య లక్షల వోల్టుల తేడా వస్తుంది. ఆ రెండింటికీ తగిలి ఉన్నది మీ కంప్యూటరే. ఎర్త్ పిట్లు ఎన్నయినా ఉండవచ్చు, అవన్నీ నేల కింద కలిసి ఉండాలి.

సోలార్ ప్లాంట్‌కు ఏం ప్రత్యేకం?

ఎండ ఎక్కువున్న చోటే సోలార్ పెడతారు, అదే పొడి నేల. కిలోమీటర్ల మేర చదునైన చోట ఎత్తుగా ఉండేవి ఆ ప్యానెళ్లే. ముఖ్యంగా చూడాల్సింది లూపులు. ప్లస్ తీగ ఒక దారిన, మైనస్ తీగ ఇంకో దారిన పోతే మధ్యలో పెద్ద లూప్ తయారవుతుంది. దగ్గరలో పిడుగు పడగానే అందులో వోల్టేజీ పుడుతుంది. రెండు తీగలూ పక్కపక్కనే నడిపితే ఈ బెడద చాలావరకు పోతుంది, ఖర్చేమీ లేకుండానే.

ఫ్రేములు, స్టాండ్లు అన్నీ బాండ్ చేసి, వరుసల మధ్య ఎర్త్ పట్టీలతో వలలా కలపండి. నేలలో దిగిన ఉక్కు కాళ్లు వేలల్లో ఉంటాయి, అవే మంచి ఎర్త్ అవుతాయి. ప్యానెళ్లకూ ఇన్వర్టర్‌కూ మధ్య కేబుల్ 10 మీటర్లు దాటితే డీసీ సర్జ్ ప్రొటెక్టర్ రెండు కొసల్లోనూ కావాలి. డీసీకి ఏసీ ప్రొటెక్టర్ వాడకూడదు, ఆర్క్ ఆరక మంటలు వస్తాయి. కడ్డీ నీడ ప్యానెల్ మీద చిక్కగా పడకూడదంటే కడ్డీ మందానికి 108 రెట్ల దూరం ఉంచాలి. 10 మిల్లీమీటర్ల కడ్డీ అయితే మీటరు పైన కొంచెం.

కరెంటు లైన్లు, టవర్లు, పైపులైన్లు, ఆయిల్ ట్యాంకులు?

హైవోల్టేజి లైను పైన నడిచే గ్రౌండ్ వైరు పిడుగును పట్టుకుంటుంది. కానీ టవరు పాదం దగ్గర రెసిస్టెన్స్ ఎక్కువైతే టవరు వోల్టేజీ లేచి, కరెంటు ఇన్సులేటర్ మీదుగా వెనక్కి తీగలోకి దూకుతుంది. పొడి, రాతి నేలల్లో లైన్లు ట్రిప్ అవడానికి ఇదే పెద్ద కారణం. టవరు కాళ్ల నుంచి నేలలో అడ్డంగా తీగలు పరచడం ఒక మార్గం. అదీ కుదరని టవర్లకు లైన్ అరెస్టర్లు (లైను మీద సర్జ్‌ను అదుపు చేసే పరికరాలు) బిగిస్తారు. ఎడారిలో ఇన్సులేటర్ల మీద దుమ్ము పేరుకుని, తెల్లవారుజామున మంచు పడగానే వాటి మీదుగా కరెంటు దూకే సందర్భాలూ ఉన్నాయి. ఆకాశంలో మేఘం లేని ఆ ట్రిప్పులను పిడుగు ఖాతాలో వేసి ఎర్త్‌లు తవ్వకుండా, ముందు ఇన్సులేటర్లు కడిగించండి.

పైపులైన్లలో ఇన్సులేటింగ్ జాయింట్ల దగ్గర నిప్పురవ్వ ఎగురుతుంది. వాటికి స్పార్క్ గ్యాప్ (వోల్టేజీ బాగా పెరిగినప్పుడే కరెంటును దాటనిచ్చే పరికరం) అడ్డంగా పెట్టాలి. ఆయిల్ ట్యాంకుల్లో తేలే కప్పు ఉన్నవాటికి కప్పు అంచు సీల్ దగ్గర ఆవిర్లు ఉంటాయి. కప్పునూ గోడనూ వీలైనంత పొట్టి తీగలతో కలపాలి. 2022 ఆగస్టులో క్యూబాలోని మతాన్జాస్ రేవులో ఒక ఆయిల్ ట్యాంకు మీద పిడుగు పడి మొదలైన మంట పక్క ట్యాంకులకూ పాకి ప్రాణాలు తీసింది. ట్యాంకుల మధ్య ఎడం, మంటలార్పే నీరు సిద్ధంగా ఉండటం కూడా పిడుగు లెక్కలోకి వస్తాయి. నీరు దొరకని చోట ఇది మరీ ముందే ఆలోచించాల్సిన విషయం.

కట్టడం పక్కన నిలబడ్డ మనిషికి ప్రమాదం ఉందా?

ఉంది. 30 కిలో ఆంపియర్లు ఒకే చోట నేలలోకి దిగితే, 1,000 ఓం-మీటర్ల నేలలో 10 మీటర్ల దూరాన కూడా అడుగు తీసి అడుగు వేసేంత మేర, అంటే మీటరుకు, 48,000 వోల్టుల తేడా వస్తుంది. 100 ఓం-మీటర్ల నేలలో అది పదో వంతు. రింగ్ ఎర్త్ ఈ తేడాను బాగా తగ్గిస్తుంది. జనం తిరిగే చోట డౌన్ కండక్టర్ చుట్టూ మూడు మీటర్ల వరకు 15 సెంటీమీటర్ల మందాన కంకర లేదా 5 సెంటీమీటర్ల తారు పరిస్తే మరింత రక్షణ. తీగను మనిషి ఎత్తు వరకు ఇన్సులేషన్‌తో కప్పడం, కంచె కట్టడం కూడా చేయవచ్చు.

ఉరుము వినపడితే పక్కా భవనంలోకో పూర్తిగా మూసిన లోహపు వాహనంలోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. మేఘం నుంచి 15 కిలోమీటర్ల అవతల, వాన చుక్క లేని చోట కూడా పిడుగు పడుతుంది.

పొడి నేలలో తుప్పు ఉండదు కదా?

తేమ లేకపోతే తక్కువే. లవణాలున్న నేలలో మాత్రం ఒక్క వాన పడితే చాలు. రాగినీ జీఐనీ (జింకు పూత వేసిన ఇనుము) నేలలో కలిపితే జీఐ కరిగిపోతుంది. కాంక్రీటులోని ఊచలు కూడా ఈ విషయంలో రాగిలాగే ప్రవర్తిస్తాయి, కాబట్టి వాటితో కలిపే నేలలోని పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలుదో రాగిదో అయితే మేలు. అల్యూమినియాన్ని నేలలో పాతకూడదు. కాంక్రీటు నుంచి మట్టిలోకి పట్టీ దిగే చోట పూత తప్పక వేయించండి, తెగేది అక్కడే.

ఎప్పుడు కొలిపించాలి?

ఏడాదిలో నేల బాగా ఎండిన సమయంలో. వానల తర్వాత కొలిచిన అంకె మనల్ని మభ్యపెడుతుంది. కొలిచేటప్పుడు సహాయక మేకులు ఎండిన నేలలో సరిగా పట్టకపోతే వాటి చుట్టూ నీళ్లు పోయవచ్చు. పరీక్షించే ఎర్త్ దగ్గర మాత్రం పోయకూడదు. ముఖ్యమైన కట్టడాలకు కంటి పరిశీలన ఏటా, పూర్తి పరీక్ష రెండేళ్లకోసారి. ఓంలతోపాటు బాండింగ్ కలయికలనూ కొలిపించండి, మామూలుగా వదిలేసేది వాటినే.

ఒకసారి పడిన చోట పిడుగు మళ్లీ పడదంటారు?

పడుతుంది. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం మీద ఏటా ఇరవైకి పైగా పడుతుంటాయి.

పిడుగు పడ్డాక ఏం చూడాలి?

ముందు మంట. అటక మీద, కప్పు చెక్కల్లో, గోడ సందుల్లో పొగ వాసన గంటల తర్వాత కూడా బయటపడవచ్చు, పొడి వాతావరణంలో అది త్వరగా పెరుగుతుంది. తర్వాత మెయిన్ ఆపి, ప్రొటెక్టర్ల కిటికీలన్నీ చూడండి, రంగు మారినవి వెంటనే మార్చండి. అవి చచ్చిపోయి పరికరాలను బతికించి ఉంటే, తర్వాతి ఉరుముకు అక్కడ ఏ అడ్డూ లేనట్టే. కడ్డీలు, క్లాంపులు, డౌన్ కండక్టర్ల టెస్ట్ జాయింట్లు వదులయ్యాయేమో, ఎక్కడైనా కాలిన మచ్చలున్నాయేమో కింది నుంచి పై వరకు చూడాలి. మచ్చలు ఉన్న చోట రెండు లోహాల మధ్య రవ్వ ఎగిరిందని అర్థం, అంటే అక్కడ బాండింగ్ లేదు. ఆ రెండింటినీ కలపండి, ఎర్త్ కొలిపించి పాత అంకె పక్కన తేదీతో రాసి పెట్టండి.